పిన్ని అందించిన మాట

మొన్న ఆఫీసు నుంచి వస్తూ ఎస్-బాన్ రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే, పట్టాలకి అవతలి గోడ మీద కొత్త పోస్టరు కనిపించింది. మా ఊళ్ళో సినిమా పిచ్చివాళ్ళు కొందరు కలిసి నడుపుకునే చిన్న థియేటరొకటి ఉంది. సోఫాలు పాతవి, హీటరు దాని ఇష్టం వచ్చినప్పుడు పనిచేస్తుంది. సినిమాకి మాటలొచ్చిన కొత్తలో ఇంగ్లండులో తీసిన నేరకథల్ని వాళ్ళు ఈ నెలంతా వేస్తున్నారట. పోస్టరు మీద ఒక నడివయసు మనిషి, ఒక చేతిలో టోపీ, రెండో చెయ్యి తలుపు పిడి మీద. వెనక కుర్చీలో స్వెటరు అల్లుకుంటున్న భార్య. ఆ టోపీ మనిషిని చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టక ఏం చేస్తాను? కరోనా ఏడాది మా ఇంట్లో మా ఆయన కంటే ఆ మనిషే ఎక్కువసేపు కనబడ్డాడు. అలా చూస్తూనే ఉన్నాను, నా రైలు వచ్చింది, వెళ్ళింది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే రైలు ఆ రోజే టైముకి రావాలా అని కాసేపు తిట్టుకున్నాను గానీ, నిజానికి నా ధ్యాస రైలు మీద లేదు. మా పిన్ని మీదకి పోయింది.

మా పిన్ని అంటే మా అమ్మకి ఆఖరి చెల్లెలు. కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. మిషన్లొచ్చి ఆపరేటర్ల పని పోయాక, ఏదో సెక్షన్లో కూర్చోబెడితే కూర్చుని, అక్కడే రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "లైను ఎంగేజండీ, కాసేపాగి చెయ్యండి" అనేది. అడిగినవాళ్ళు నవ్వేసి ఊరుకునేవాళ్ళు. మా చిన్నప్పుడు ఆవిడ ఇంటికొస్తే మాకు పండగే. పేకాటలో దొంగాట ఆడేది, పట్టుబడితే మా మీదే దబాయించేది. గొంతు మాత్రం అంత వయసులోనూ గంటలా ఉండేది. ఇంట్లో ఎవరితో మాట్లాడినా అవతలివాడు విశాఖపట్నంలో ఉన్నట్టే మాట్లాడేది.

రిటైరై చాలా ఏళ్ళయ్యాక, "నీ కొత్తిల్లు చూస్తాను, మంచు కురుస్తుంటే చూస్తాను, వచ్చేస్తాను" అని మా దగ్గరికొచ్చింది. స్టుట్‌గార్ట్ అవతల చిన్న ఊరు మాది. మంచు కురవనే లేదు గానీ కరోనా వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. వీసా గడువు అయిపోతోందని నేను కంగారుపడి టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంటు కోసం, మెయిల్ మీద మెయిల్ కొడితే, వీసా ఆఫీసువాళ్ళు రమ్మనకుండానే ప్రస్తుతానికి ఉండొచ్చని రాశారు. అది చదివి వినిపిస్తే పిన్ని, "ఉండమన్నారా, పొమ్మనలేక అన్నారా?" అంది. అలా నెలా రెణ్ణెల్లకని వచ్చిన మనిషి ఏడాది దాటి మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ రోజుల్లో మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. పడగ్గదిలో నా ఆఫీసు. భోజనాల బల్ల మీద మా అమ్మాయి స్కూలు. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో మా ఆయన ఉద్యోగం, అక్కడ పని తగ్గించి సగం రోజులు ఇంట్లో ఉండమన్నారు. ఆ మిగిలిన సగం రోజులు ఏం చేయాలో తెలియక ఆయన ఇంట్లో ఉన్న ప్రతి మేకునీ పీకి మళ్ళీ కొట్టేవాడు. వంటిల్లు పిన్నిది. ఆవిడకీ కింది వాటా ముసలాయనకీ ఆదివారం కుక్కరు విజిళ్ళ మీద యుద్ధం నడిచేది. ఆదివారం ఇక్కడ చప్పుడు చేయకూడదు కదా! మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "చిన్నమ్మమ్మా, సండే విజిల్ నిష్ట్! నిష్ట్!" అనేది. జర్మన్‌లో ఆ ముక్కకి కాదు, వద్దు అని అర్థం. పిన్నికి మాత్రం అది మన నిష్ఠలాగే వినపడేది. "అబ్బో, మా మేనత్త మడికట్టుకున్నా ఇంత నిష్ఠ లేదే. ఒక దేశం దేశమే నిష్ఠలో ఉంది" అనేది. చివరికి ఆదివారం పప్పు గిన్నెలో ఉడకేసి, ఉడికేదాకా కింది వాటాయన్ని తలుచుకునేది.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నమే ఆ సినిమా మా ఇంట్లోకి వచ్చింది. ఊరి లైబ్రరీవాళ్ళు, మూసేసినందుకు పరిహారమన్నట్టు, ఇంట్లోనే కంప్యూటర్లో సినిమాలు చూసుకునే ఏర్పాటు చేశారు. కొత్తవన్నీ ఎవరో ఒకరు ముందే పట్టుకుపోయేవాళ్ళు. ఎప్పుడూ ఖాళీగా దొరికేవి ఆ నలుపు తెలుపు బొమ్మలే. మేకుల పని అయిపోయిన మా ఆయన ఏదో ఒకటి పెట్టాడు. బొమ్మ నడుస్తుంటే గీతలు, మాటల వెనక ఏదో వేగుతున్నట్టు చిటపట. సంగీతం లేదు. కెమెరా పెట్టినచోట నుంచి కదలదు. అప్పట్లో మైకుని పూలకుండీలోనో, దీపం వెనకో దాచేవాళ్ళట, అందుకని పాత్రలన్నీ ఏ మాట చెప్పాలన్నా పూలకుండీ దగ్గరికి వచ్చి నిలబడి చెప్పేవి. మా అమ్మాయి పది నిమిషాల్లో లేచి వెళ్ళిపోయింది. పిన్ని మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంది. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా, "ఇదేవిటే, ఎంచక్కా ఒకళ్ళు మాట్లాడుతుంటే ఇంకొకళ్ళు వింటున్నారు! ఇది సినిమా కాదు, నాటకం" అంది. నిజమే, అది లండన్‌లో ఆడిన నాటకాన్ని ఉన్నదున్నట్టు తీసిన బొమ్మేనని మొదట్లో వేశారు కూడా.

కథ చెప్తాను, పెద్దదేం కాదు. ఒక మందుల షాపాయన. భార్య అంటే ప్రాణం. ఆవిడ తమ్ముడొకడు వచ్చి తిష్ట వేసి, అక్కని కాల్చుకు తింటుంటాడు. మందుల షాపాయన ఓపిక పట్టీ పట్టీ, ఒకరోజు వాడి టీలో ఏదో కలుపుతాడు. అక్కణ్ణించి ఒక ఇన్‌స్పెక్టరు రోజూ వచ్చి, ఎంతో మర్యాదగా కూర్చుని, టీ తాగి, ఒక్కో ప్రశ్న అడిగి వెళ్తుంటాడు. ఆ టీలో ఏముందోనని మనకి భయం. చివరికి అంతా తెలిసిపోతుంది. భార్యకి తెలియకుండా తీసుకెళ్ళడానికి ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటాడు. మందుల షాపాయన టోపీ తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, భార్య వైపు తిరిగి ఒక్క మాట అంటాడు. తలుపు మూసుకుంటుంది. ఆవిడ తల దించుకుని స్వెటరు అల్లుతూనే ఉంటుంది, అల్లిన వరసనే విప్పి మళ్ళీ అల్లుతుంటుంది. ఆవిడకి ముందే తెలుసన్నమాట. అంతే బొమ్మ.

సగం సినిమా అవకముందే పిన్ని లేచి నిలబడిపోయింది. "ఒసే, ఇది మా నాటకమే! ఇదిగో, ఇప్పుడు టీ వొలకబోస్తాడు చూడు" అంది. ఒలకబోశాడు. "ఇప్పుడు ఆ పోలీసాయన గొడుగు మర్చిపోయి మళ్ళీ వస్తాడు" అంది. వచ్చాడు. మా ఆయన నోరు తెరుచుకుని సినిమాని వదిలేసి పిన్నినే చూస్తూ కూర్చున్నాడు. తీరా ఆ గుమ్మం ఘట్టం వచ్చేసరికి పిన్ని ఊపిరి బిగబట్టింది. టోపీ ఆయన ఏదో అన్నాడు. చిటపటలో ఆ మాట కొట్టుకుపోయింది. "ఏవన్నాడు? ఏవన్నాడే?" అని నా భుజం పట్టుకుని కుదిపేసింది. వెనక్కి తిప్పి పెట్టాను, మళ్ళీ తిప్పాను. కింద జర్మన్‌లో అక్షరాలు పడుతున్నాయి గానీ, ఆఫీసులో జర్మన్ బాగానే వెలగబెట్టే నాకు ఆ కంగారులో అవీ ఆనలేదు. మంచినీళ్ళ కోసం వచ్చిన మా అమ్మాయి నిలబడే చదివేసింది. "బిస్ గ్లైష్. అంటే... ఇప్పుడే వచ్చేస్తా అని, చిన్నమ్మమ్మా." నేను హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. "ఐ షాంట్ బీ లాంగ్, డియర్." ఎంతోసేపు పట్టదు, వచ్చేస్తాను. ఉరికంబానికి వెళ్తున్నవాడు, బజారుకెళ్ళి కూరలు తెచ్చేవాడు అన్నంత మామూలుగా ఆ మాట అన్నాడు.

పిన్ని కుర్చీలో కూలబడింది. "వెళ్ళొస్తానన్నాడన్నమాట" అంది. కాసేపటికి మళ్ళీ తనలో తనే, "పుస్తకంలోనూ ఇదే ఉండుంటుంది. నేను చదివానన్నాను. అయ్యో, చదివానని చెప్పానే!" అంది. నాకేం అర్థం కాలేదు. టీ పెట్టి ఇచ్చాను. ఆ కప్పు వంక ఒకసారి అనుమానంగా చూసి, తనే నవ్వి, అప్పుడు చెప్పుకొచ్చింది.

ఎక్స్ఛేంజిలో పనిచేసే రోజుల్లో పైన ఇంజినీరింగు సెక్షన్లో ఒకాయన ఉండేవాడు. పిన్ని చివరిదాకా ఆయన పేరు చెప్పలేదు, ఆయన అనే అంది. ఆయనకి నాటకాల పిచ్చి. రాసేవాడు, వేయించేవాడు, ఊళ్ళో ఏటా జరిగే నాటకాల పోటీలకి ఆఫీసు తరఫున జట్టుని దింపేవాడు. గొంతు బాగుంటుందని పిన్నిని ప్రాంప్టరుగా పెట్టుకున్నాడు. స్టేజీ మీదికి రమ్మంటే మా తాతయ్య చీల్చేసేవారు గానీ, తెర పక్కన చీకట్లో నిలబడి, మర్చిపోయినవాళ్ళకి మాటలు అందించడానికి తాతయ్యా అభ్యంతరం పెట్టలేదు. ఎవరికంటా పడని పని కదా! ఆ ఏడు ఆయన ఒక ఇంగ్లీషు నాటకాన్ని తెలుగు చేశాడు. మందుల షాపాయన ఆయుర్వేద వైద్యుడయ్యాడు. టీ కషాయమైంది. చలికోటుకి బదులు శాలువా కప్పారు. కాకినాడ వేసవిలో శాలువా కప్పుకున్న ఆ నటుడు మొదటి రంగానికే తడిసి ముద్దయ్యేవాడట. రిహార్సళ్ళు మొదలుకాక ముందే ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని పేపర్లో చుట్టి, పిన్ని చేతికిచ్చి, "చదివి ఎలా ఉందో చెప్పండి" అన్నాడు ఆయన.

"నాకొచ్చిన ఇంగ్లీషెంత? నంబర్ ప్లీజ్, హోల్డాన్ ప్లీజ్, నో రిప్లై" అంది పిన్ని. "మొదటి పేజీ తిప్పాను. రెండో పేజీ తిప్పాను. తల తిరిగింది. ఎవర్నైనా అడుగుదామంటే, ఎవరిచ్చారీ పుస్తకం అంటారు. నెల్లాళ్ళు ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టి, తీసుకెళ్ళి ఇచ్చేశాను. చదివారా అన్నాడు. ఆ మొహం చూసి చదవలేదని ఎలా చెప్పను? చదివానండీ, చాలా బాగుందండీ అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది."

ఆ రోజుల్లో మా అమ్మమ్మ ఇంట్లో ఆయన మాట పెళ్ళి మాటగా నడుస్తోందని నాకు తెలుసు. మా అమ్మ ఎప్పుడో అనగా విన్నాను. అన్నీ కుదిరాయనీ, ఎందుకో వాళ్ళే వెనక్కి తగ్గారనీ అనేది. ఎందుకో ఎవరికీ తెలియదు. పిన్నీ చెప్పలేదు. ఆ ఆదివారం దాకా.

పోటీ రోజు హాలు కిక్కిరిసిపోయిందట. నాటకం బ్రహ్మాండంగా నడిచింది. చివరి ఘట్టం వచ్చింది. వైద్యుడి వేషం వేసినాయన పోర్టు ఆఫీసు నుంచి అరువు తెచ్చుకున్న గుమస్తా. గుమ్మం దాకా వచ్చాడు, వెనక్కి తిరిగాడు, ఉన్న ఒక్క మాటా మర్చిపోయాడు. రాతప్రతిలో "వెళ్తున్నాను" అని ఉంది. తెర పక్కనుంచి పిన్ని మాట అందించాలి. చేతిలో కాగితం ఉంది, అక్షరాలు కనబడుతున్నాయి. నోట్లోంచి మాత్రం "వెళ్ళొస్తాను" అని వచ్చింది. "మరేం చెయ్యనే?" అంది నాతో. "గుమ్మం దాటుతున్న మనిషి చేత వెళ్తున్నాననిపించమంటే నోరెలా వస్తుందీ? మనింట్లో పాలవాడు కూడా వెళ్ళొస్తానండీ అనే కదా వెళ్తాడు!" ఆ నటుడు ఆ మాటే అందుకుని, పక్కన పోలీసు నిలబడి ఉండగా, గొంతెత్తి, పౌరాణికంలో శంఖం ఊదినట్టు, "వెళ్ళొస్తాను!" అన్నాడు. హాలు గొల్లుమంది. వెనక బెంచీల్లోంచి ఎవడో, "ఎక్కణ్ణించండీ, పైనుంచాండీ?" అని అరిచాడు. ఇంక ఆ నవ్వు ఆగలేదు. తెర పడిపోయింది. బహుమతి మాట దేవుడెరుగు, ఊళ్ళో పిల్లలు కూడా నాటకం రాసిన ఆయన సైకిలు మీద పోతుంటే "వెళ్ళొస్తాను" అని కేకలేసేవాళ్ళట.

ఆయన ఆ రోజు తెర పక్కకి వచ్చి పిన్ని వంక ఒక్క చూపు చూసి వెళ్ళిపోయాడు. మళ్ళీ మాట్లాడలేదు. బదిలీ చేయించుకుని హైదరాబాదు వెళ్ళాడు. నాటకాలు రాయడం మానేశాడని తర్వాత ఎవరో చెప్పారు. పిన్ని అనుకున్నది ఒకటే, తన నోటి తప్పు వల్ల ఆయన నాటకం పాడైందని, అందుకే కోపమని. నోరు జారిన తప్పుకి ఇంత శిక్షేమిటని ఆవిడకీ కాస్త కోపమే. ఇన్నేళ్ళూ అలాగే సర్ది చెప్పుకుంది. ఇప్పుడు స్టుట్‌గార్ట్ పక్కన ఒక ఊళ్ళో, మా సోఫాలో కూర్చుని, ఒక తెల్లాయన నోటి నుంచి ఆ మాట విని, అసలు సంగతి గ్రహించింది. ఇంగ్లీషులో ఉన్నది వెళ్ళొస్తాననే. ఆయనే దాన్ని మార్చాడు. పుస్తకం చదివానని చెప్పిన మనిషి, నిండు హాల్లో, ఆయన రాసిన మాటని పక్కకి నెట్టి అసలు పుస్తకంలోని మాటని అందించింది. ఆయన ఏమనుకుంటాడు?

"నన్ను సవాలు చేసింది, నలుగురిలో నవ్వులపాలు చేసింది అనుకోడూ?" అంది పిన్ని. "నేను చదవలేదనీ, అలవాటుకొద్దీ వచ్చేసిందనీ ఆయనకి ఎవరు చెప్తారు? నేనే చెప్పాలి. చచ్చేలోగా చెప్పాలే."

చెప్పాలని ఉన్నా అన్నాళ్ళ మౌనాన్ని తెంచడం తేలిక కాదు. కాకినాడ వెళ్ళాక చూద్దాంలే అంది. చలికాలం గడిచింది. విమానాల సంగతి అదిగో ఇదిగో అంటూనే ఉంది. ఎండాకాలం వచ్చేసరికి ఇండియాలో రెండో విడత మొదలైంది. రోజూ పొద్దున్న పిన్ని ఫోను చూడ్డానికి భయపడేది. ఎక్స్ఛేంజిలో తనతో పనిచేసినావిడ పోయింది. ఎదురింటాయన పోయాడు. ఒకరోజు దోసెలు పోస్తూ పోస్తూ పొయ్యి ఆపేసి, "ఆయన నంబరు సంపాదించవే" అంది. నేను మా అమ్మనీ, అమ్మ ద్వారా పాత నాటకాల వాళ్ళనీ పట్టుకుంటే, వాట్సాప్ గుంపుల్లో తిరిగి తిరిగి నంబరు వచ్చింది. మనిషి ఉన్నాడు. భార్య పోయి చాలా కాలమైంది, కొడుకు దగ్గర ఉంటున్నాడు. చూపు దాదాపు పోయింది.

వీడియోలో ఫోను చేసే రోజు పిన్ని గంజిపెట్టిన నేత చీర కట్టుకుంది. చూపు లేని మనిషికి చీరెందుకు పిన్నీ అని అందామనుకుని, అనలేదు. చెప్పాల్సిన మాటలు పొద్దుటి నుంచీ వల్లె వేస్తూనే ఉంది. "ఆ పుస్తకం నేను చదవలేదండీ. చదివానని అబద్ధం చెప్పానండీ. కావాలని అనలేదండీ." మూడే ముక్కలు. నేనూ మా అమ్మాయీ చెరోపక్కా కూర్చున్నాం. కోడలు కాబోలు ఫోనెత్తి ఆయనకి ఇచ్చింది. తెర మీద సన్నటి మొహం, ఎటో చూస్తున్న కళ్ళు. పిన్ని "హలో" అంది, అంతే. పరిచయం చేసుకోనేలేదు.

"ఎక్స్ఛేంజి గొంతు!" అన్నాడు ఆయన. తర్వాత పిన్ని, "మీకో మాట చెప్పాలండీ" అని మొదలుపెట్టబోతే, ఆయన, "ముందు నన్ను చెప్పనివ్వండి. మళ్ళీ చెప్పగలనో లేదో" అన్నాడు.

"ఆ రోజు నాకు మీ మీద చెప్పలేనంత కోపం వచ్చిందండీ" అన్నాడు. "అసలు పుస్తకంలో ఉన్న మాట మీరన్నదే. మనవాళ్ళు నవ్వుతారని భయపడి నేను మార్చేశాను. మీరు పుస్తకం చదివారు, నా పిరికితనం కనిపెట్టేశారు, అందరి ముందూ దిద్దారు. ఆ పొగరేమిటీ అనుకున్నాను. పెళ్ళి కూడా వద్దన్నాను. బుద్ధి లేక. తర్వాత్తర్వాత, వయసు మీదపడ్డాక, వేరేగా అనిపించింది. నేను ఇన్ని నాటకాలు రాశాను, చూసినవాళ్ళు చూశారు, చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు. అక్షరం అక్షరం చదివి, పక్కన పెట్టుకుని పోల్చి, ఇది తప్పని చెప్పిన మనిషి ఒక్కరే ఒక్కరు. అంత శ్రద్ధగా నన్ను చదివినవాళ్ళు లోకంలో ఇంకెవరూ లేరండీ. మా మనవరాలికి కూడా చెప్తుంటాను, నాకూ ఒక పాఠకురాలుండేదని. కళ్ళు పోయాక అదే తలుచుకుంటూ కూర్చుంటాను." ఆయన చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. "ఎన్నిసార్లు చదివారండీ ఆ పుస్తకం?"

పిన్ని నా వంక చూసింది. ఆ చూపు నేను మరచిపోలేను. మా అమ్మాయి "ఆబర్..." అని ఏదో అనబోయింది, అది జర్మన్‌లో కానీ అని. దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పిన్ని పెదవులు రెండుసార్లు కదిలాయి. నాకు చదవలేదు అన్న మాట అందించాలనిపించింది. నోరు రాలేదు.

"రెండుసార్లండీ" అంది పిన్ని, ఎక్స్ఛేంజి గొంతుతో, స్పష్టంగా. "మొదటిసారి కథ కోసం. రెండోసారి మాటల కోసం."

అవతల ఆయన ఏడ్చాడు. హాయిగా ఏడ్చాడనే చెప్పాలి. పిన్ని ఏడవలేదు. ఆరోగ్యం జాగ్రత్త అంది, మాస్కు పెట్టుకోండి అంది, ఫోను పెట్టేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏమీ వండకుండా నిలబడింది. నేను వెనకాలే వెళ్ళి, "ఎందుకు చెప్పలేదు పిన్నీ?" అన్నాను. "ఆయన దగ్గర మిగిలింది అదొక్కటే కదే. అదీ లాగేసుకోమంటావా?" అంది. "మరి నువ్వో?" అంటే పొయ్యి గట్టు తుడవడం మొదలుపెట్టింది. "ఆయన తలుచుకుంటున్నది నన్ను కాదు. ఎవరో ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లని" అని మాత్రం అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడే నన్ను ఊరుకోబెట్టింది.

ఆ తర్వాత ఆయన వారం వారం ఫోను చేసేవాడు. చేసినప్పుడల్లా ఆ నాటకంలో ఏదో ఒక మాట ఎత్తేవాడు. రెండో రంగంలో ఇన్‌స్పెక్టరు అన్నదానికి మీ అర్థమేమిటి అనేవాడు. దాంతో పిన్నికి కొత్త చదువు వచ్చిపడింది. రోజూ మధ్యాహ్నం మా అమ్మాయి స్కూలు అవగానే దాన్ని కూర్చోబెట్టి, సినిమాని ముక్క ముక్కగా ఆపించి, ప్రతి మాటనీ తెలుగు అక్షరాల్లో రాసుకుని వల్లె వేసేది. అర్థాలు మాత్రం ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి, జర్మన్ నుంచి మా అమ్మాయి వచ్చీరాని తెలుగులోకి మారి ఆవిడకి చేరేవి. "ఇన్‌స్పెక్టర్ సారీ అంటాడు, కానీ వాడు సారీ కాదు, చిన్నమ్మమ్మా" అని అది వివరించేది. కొన్నాళ్ళకి పూలకుండీ దగ్గర ఎవరు ఎప్పుడు ఏమంటారో పిన్నికి బొమ్మ అక్కర్లేకుండానే వచ్చేసింది. నా ఆఫీసు మీటింగులో ఉండగా పక్కగదిలోంచి ఆ లండన్ యాసకి గోదావరి సాగదీత కలిసిన గొంతు వినపడుతుంటే, మ్యూట్ నొక్కి నవ్వుకునేదాన్ని. నవ్వు సగంలోనే ఆగిపోయేది. ట్రంకుపెట్టెలో చీరల కింద దాచిన పుస్తకాన్ని ఆవిడ ఇప్పుడు చదువుతోంది. అడిగినప్పుడు చదవనిది, ఎవరూ అడగనక్కర్లేని వయసులో చదువుతోంది.

విమానాలు తిరగడం మొదలయ్యాక పిన్నిని ఫ్రాంక్‌ఫర్ట్ తీసుకెళ్ళి ఎక్కించాం. దిగేది హైదరాబాదులోనే. ఆయన ఇల్లు అక్కడే, ఎయిర్‌పోర్టు నుంచి గంట దూరం లేదు. రెండ్రోజులు ఆగి ఆయన్ని చూసి కాకినాడ వెళ్ళమని ఎంతగానో చెప్పాను. సరే అంది. వెళ్ళలేదు. రైలెక్కి నేరుగా కాకినాడ వెళ్ళిపోయింది. ఫోనులో దెబ్బలాడితే, "ఎదురుగా కూర్చుంటే అబద్ధం నిలవదే. ఆయనకి కళ్ళు లేవు గానీ నాకున్నాయిగా" అంది. ఫోన్లు మాత్రం మానలేదు. మరుసటి ఏడు ఆయన పోయాడు, కరోనా కాదు, వయసే. వాళ్ళ మనవరాలు పిన్నికి ఫోను చేసి, చివరి రోజుల్లో తాతయ్య మీ సంగతే చెప్పేవాడు, మీరంతటివారు అంతటివారు అని చెప్పేవాడంది. పిన్ని విని, థాంక్సమ్మా అని పెట్టేసిందట.

"అంతటిదాన్ని కాదని ఆయనకి ఒక్కసారి చెప్పుంటే బాగుండేదే" అంది నాతో ఆ సాయంత్రం. "అప్పుడు కోప్పడేవాడేమో, నవ్వేసేవాడేమో. ఏదైనా నా మీదే కోప్పడేవాడు, నన్ను చూసే నవ్వేవాడు." నేనేదో ఓదార్చబోయాను. ఇద్దరి మధ్యా ఉన్న అపార్థం చిన్నది. పాతికేళ్ళ వయసులో ఒక సాయంత్రం సముద్రం ఒడ్డున కూర్చుంటే తేలిపోయేది, కాస్త కోపం, కాస్త నవ్వు, అంతే. అప్పుడు తీరిక లేనట్టు దాటిపోయిన కాలం, ఎన్నో ఏళ్ళ తర్వాత తీరుబడిగా వెనక్కి వచ్చి వాళ్ళిద్దర్నీ కలిపింది, కాకపోతే ఒకరికొకరు నిజం చెప్పుకోగలిగే వయసు దాటిపోయాక కలిపింది.